సదస్సుకి వెళ్ళాలా, వద్దా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ పక్షం వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం క్రిప్టోగ్రఫీ (సమాచారాన్ని గణితంతో భద్రపరిచే శాస్త్రం), సమాచార భద్రత సదస్సుల గురించే. చలికాలం వస్తే హైదరాబాదులో ఇలాంటి సభలు వరసగా జరుగుతాయి, కాలేజీ నోటీసు బోర్డులు వాటి కరపత్రాలతో నిండిపోతాయి. ఎన్నో ఏళ్ళు ఈ పాఠాలే చెప్పినదాన్ని కాబట్టి సంపాదకులు ఆ కట్ట నాకు అప్పగించారు. పేర్లు వద్దని చాలామంది కోరారు, అందువల్ల ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్, నేను బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. క్రిప్టోగ్రఫీ సదస్సులు పీహెచ్‌డీ వాళ్ళకేనని, ఉద్యోగం కావాలంటే హ్యాకర్ల సమావేశాలకు వెళ్ళాలని మా సీనియర్లు అంటున్నారు. ఆ రెండింటికీ తేడా ఏమిటి? అక్కడ అసలు ఏం జరుగుతుంది?
– విద్యార్థిని, కూకట్‌పల్లి

జవాబు: పీహెచ్‌డీ వాళ్ళకే అన్నది నిజం కాదమ్మా. వేదిక ఎక్కడానికి పరిశోధన కావాలి. వినడానికి రిజిస్ట్రేషన్ చాలు, విద్యార్థులకు ఫీజు కూడా తక్కువే ఉంటుంది. ఇక తేడా సంగతి. రెండు చోట్లా జరిగే పని ఒకటే. ఒకరు ‘ఇది భద్రం’ అంటారు, మరొకరు నిండు సభలో లేచి ‘కాదు, ఇదిగో చూడండి’ అంటారు. ఒక కథ పూర్తిగా చెబుతాను, ఓపిగ్గా చదువు.

ఎండీ5 అని ఒక హ్యాష్ పద్ధతి ఉంది. ఎంఐటీ ఆచార్యుడు రాన్ రివెస్ట్ 1991లో దాన్ని రూపొందించారు. ఎంత పెద్ద ఫైలు ఇచ్చినా 128 బిట్ల ముద్ర ఒకటి తయారుచేసి ఇస్తుంది. డిజిటల్ సంతకం పెట్టేటప్పుడు పత్రం మొత్తం మీద కాక ఈ ముద్ర మీద పెడతారు. కాబట్టి రెండు వేరువేరు పత్రాలకు ఒకే ముద్ర వచ్చేలా ఎవరైనా చేయగలిగితే, ఒకదాని మీద పెట్టిన సంతకం రెండోదానికీ చెల్లిపోతుంది.

కాలిఫోర్నియాలోని సాంటా బార్బరా యూనివర్సిటీలో 1981లో మొదలై, ఆగస్టు నెలల్లో జరుగుతూ వస్తున్న సదస్సు పేరు క్రిప్టో. ఐఏసీఆర్ అనే అంతర్జాతీయ క్రిప్టోగ్రఫీ పరిశోధకుల సంఘం దాన్ని నడుపుతుంది. యూరోక్రిప్ట్, ఆసియాక్రిప్ట్ కూడా ఆ సంఘానివే. పగలంతా సమీక్షల వడపోత దాటి వచ్చిన పరిశోధన పత్రాలు వినిపిస్తారు. ఒక సాయంత్రం మాత్రం రంప్ సెషన్ అని పెడతారు. అక్కడ ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలే. నిన్న రాత్రి తేలిన ఫలితమైనా చెప్పుకోవచ్చు. 2004 ఆగస్టులో అలాంటి సాయంత్రం చైనా నుంచి వచ్చిన గణితవేత్త షియావోయున్ వాంగ్ లేచి, ఒకే ఎండీ5 ముద్ర ఉన్న సందేశాల జంటను చూపించారు. ఆమె బృందం అంతకు ముందు బయటపెట్టిన సంఖ్యలను సరిచూసినవాళ్ళు, పద్ధతి మొదట్లో వాడే స్థిరాంకాలు అసలు ఎండీ5 వాటితో కలవడం లేదని పట్టుకున్నారు. బృందం వెంటనే సరైన స్థిరాంకాలతో కొత్త జంట లెక్కగట్టి తెచ్చింది. నాకు ఈ కథలో అన్నిటికంటే విలువైనది ఇదే. వేల గంటల అదృష్టంతో ఒక జంట దొరికినవారైతే రెండో జంటను అంత త్వరగా తేలేరు. పద్ధతి చేతిలో ఉన్నవారు తేగలరు. ఆమె ముగించగానే సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

అయినా వాడుకలో చాలామంది ఎండీ5ను వదల్లేదు. ముద్రలు కలిస్తే కలిశాయి, దానితో మోసం ఎలా చేస్తారని తేలిగ్గా తీసుకున్నారు. 2008 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన కేయోస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్‌లో దానికి జవాబు వచ్చింది. 1984 నుంచి జరుగుతున్న హ్యాకర్ల సమావేశం అది. యూనివర్సిటీ పరిశోధకులు, సెక్యూరిటీ నిపుణులు కలిసిన ఒక బృందం 200 ప్లేస్టేషన్ 3 ఆట యంత్రాలను జతచేసి లెక్కలు కట్టి, వెబ్‌సైట్లు అసలువేనని ధ్రువీకరించే సంస్థ పేరిట, బ్రౌజర్లన్నీ నమ్మే ఒక నకిలీ సర్టిఫికెట్‌ను సృష్టించి చూపించింది. అది చేతిలో ఉన్నవారు ఏ బ్యాంకు వెబ్‌సైటు వేషమైనా వేయవచ్చు. దుర్వినియోగం జరగకుండా దాని గడువు 2004లోనే తీరిపోయినట్టు తేదీ వేసి మరీ చేశారు. ఆ దెబ్బతో సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు ఎండీ5 వాడకం మానుకున్నాయి. సాంటా బార్బరా ఫలితం లేకపోతే బెర్లిన్ ప్రదర్శన లేదు. బెర్లిన్ ప్రదర్శన లేకపోతే ఇంకెన్నాళ్ళు వాడేవారో! హెచ్చరికను పట్టించుకోని చోట నష్టం జరగనే జరిగింది. 2012లో బయటపడ్డ ఫ్లేమ్ అనే గూఢచర్య సాఫ్ట్‌వేర్ ఎండీ5 లోపాన్ని వాడుకుని మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్నట్టు నటించింది.

అందువల్ల నా సలహా, రెండింటికీ వెళ్ళు. మన దేశపు క్రిప్టోగ్రఫీ సదస్సు ఇండోక్రిప్ట్ 2000లో కోల్‌కతాలో మొదలైంది. అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులు బిమల్ రాయ్ పూనిక అందుకు ముఖ్య కారణం. ఏటా ఒక నగరంలో జరుగుతుంది. 2010లోనూ 2019లోనూ హైదరాబాదుకు వచ్చింది. సమాచార వ్యవస్థల భద్రత మీద జరిగే ఐసిస్ (ICISS) సదస్సు 2008లో, 2014లో ఇక్కడే జరిగింది. ఆసియాక్రిప్ట్ కూడా మనకు అందనంత దూరంలో ఏమీ లేదు. 2005లో చెన్నై, 2013లో బెంగళూరు, 2024లో కోల్‌కతా దానికి ఆతిథ్యం ఇచ్చాయి. రెండో రకానికి వస్తే, నల్ అనే సమాచార భద్రత ఔత్సాహికుల సంఘానికి హైదరాబాదు శాఖ ఉంది. వారాంతాల్లో కలుస్తారు, రుసుము లేదు, ఎవరైనా వెళ్ళవచ్చు. కంపెనీలు స్టాళ్ళు పెట్టి సరుకు అమ్ముకునే ప్రదర్శనలు మాత్రం విద్యార్థి దశలో సమయం దండగ.

వెళ్ళే ముందు కార్యక్రమ పట్టిక చూసి మూడు పత్రాలు ఎంచుకో. వాటి ఉపోద్ఘాతాలు చదువు, రుజువులు తర్వాత. క్రిప్టోగ్రఫీ పత్రాల్లో చాలావరకు ఐఏసీఆర్ నడిపే ఈప్రింట్ భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి. యూజ్‌నిక్స్ (USENIX) సెక్యూరిటీ సదస్సు పత్రాలు కూడా అంతే, పైసా అక్కర్లేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఎంటెక్ విద్యార్థి. సైబర్ సెక్యూరిటీ అంతర్జాతీయ సదస్సుకు వాడి పత్రం ఎంపికైందని మెయిల్ వచ్చింది. పంపిన మూడో రోజుకే జవాబు. పద్నాలుగు వేలు కడితే శంషాబాద్ దగ్గర హోటల్లో చదవాలట, సర్టిఫికెట్ ఇస్తారట. వాడు సంబరపడుతున్నాడు. నాకెందుకో నమ్మకం కలగడం లేదు.
– ఒక తండ్రి, మల్కాజిగిరి

జవాబు: మీ అనుమానం సరైనదేనండీ. దయచేసి డబ్బు కట్టకండి. ఫీజు అడిగారు కాబట్టి మోసం అనడం లేదు. అసలైన సదస్సుల్లోనూ పత్రం ఎంపికయ్యాక రచయితల్లో ఒకరు రిజిస్ట్రేషన్ చేయించుకోవలసిందే. నన్ను కలవరపెట్టింది ఆ మూడు రోజులు. నిజమైన క్రిప్టోగ్రఫీ సదస్సులో పత్రం అందిన తర్వాత రచయితల పేర్లు తీసేసి కనీసం ముగ్గురు సమీక్షకులకు ఇస్తారు. వాళ్ళు రుజువులు పంక్తి పంక్తీ చూస్తారు, తమలో తాము వాదించుకుంటారు. ఆ వ్యవహారం రెండు మూడు నెలలు పడుతుంది. పెద్ద సదస్సుల్లో ఎంపిక కానివే ఎక్కువ. ఎంపికైనా కాకపోయినా, ఎక్కడ బలహీనంగా ఉందో వివరిస్తూ సమీక్షలు వస్తాయి. మీ అబ్బాయికి వచ్చిన మెయిల్లో పత్రం గురించి ఒక్క వాక్యమైనా ఉందేమో చూడండి. ‘మీ విలువైన పరిశోధన’ అన్న పొగడ్త తప్ప ఏమీ లేకపోతే వాళ్ళు దాన్ని తెరిచి కూడా చూడలేదన్నమాటే.

చదవకుండానే ఎంపిక చేసే సదస్సులుంటాయని 2005లో ఎంఐటీ విద్యార్థులు ముగ్గురు రుజువు చేశారు. కంప్యూటర్ ప్రోగ్రాం అల్లిన అర్థంలేని వాక్యాలను పత్రంగా పంపితే, ఒక సదస్సు ఎంపిక చేసేసింది. మన హైదరాబాదు కూడా ఈ అపఖ్యాతికి దూరం కాదు. ఇక్కడి నుంచి పనిచేసే ఒక ప్రచురణ, సదస్సుల వ్యాపార సంస్థ, సమీక్షలు జరుగుతున్నాయని చెప్పడంలోనూ, ఫలానా ప్రముఖులు వస్తున్నారని ప్రకటించడంలోనూ జనాన్ని తప్పుదారి పట్టించిందని అమెరికా కోర్టు 2019లో తేల్చింది. 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమంది.

మీరు ఇంట్లో కూర్చుని చేయగల పరీక్ష ఒకటుంది. ఆ సదస్సు కమిటీలో పేర్లున్న ఆచార్యుల్లో ఇద్దరి సొంత వెబ్ పేజీలు తెరవండి. చాలామంది ఆచార్యులు తాము ఉన్న కమిటీల జాబితా అక్కడ పెట్టుకుంటారు. ఈ సదస్సు పేరు కనిపించకపోతే వాళ్ళకే ఒక మెయిల్ రాసి అడగండి. తమ పేరు అక్కడ ఉందని వాళ్ళకు తెలియకపోవడం నేను చాలాసార్లు చూశాను. సైబర్ భద్రత, వ్యవసాయం, నర్సింగ్, మేనేజ్‌మెంట్ అన్నీ ఒకే సభలో ఉంటే ఆ పరీక్ష కూడా అక్కర్లేదు.

అబ్బాయిని మాత్రం కోప్పడకండి. అంతర్జాతీయ సదస్సులో పత్రం వేస్తే గానీ మార్కులు వేయమని కాలేజీలే పిల్లల్ని ఇందులోకి తోస్తున్నాయి. ఆ నిబంధన పెట్టిన వాళ్ళను నిలదీయాలి. ఆ పద్నాలుగు వేలతో వాడు ఒక మంచి సదస్సుకు రైల్లో వెళ్ళి, నాలుగు రోజులుండి, విని రావచ్చు.

ప్రశ్న: పత్రికల్లో క్వాంటమ్ కంప్యూటర్ వస్తే డిజిటల్ తాళాలన్నీ విరిగిపోతాయని రాస్తున్నారు. అలాంటప్పుడు ఈ సదస్సులన్నీ ఎందుకమ్మా?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, పద్మారావునగర్

జవాబు: అందుకేనండీ సదస్సులు! క్వాంటమ్ యంత్రానికి లొంగని పద్ధతులు కావాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2016లో ప్రపంచం మొత్తాన్ని పిలిచింది. వచ్చిన ప్రతి పద్ధతినీ ఏళ్ళ తరబడి సదస్సుల్లో పెట్టి అందరూ కలిసి కొట్టి చూశారు. సైక్ అనే పద్ధతి నాలుగో విడత దాకా నిలిచింది. 2022లో బెల్జియం పరిశోధకులు ఇద్దరు దాన్ని మామూలు కంప్యూటర్ మీద, ప్రాసెసర్‌లోని ఒకే కోర్‌తో, సుమారు గంటలో ఛేదించారు. క్వాంటమ్ యంత్రం అవసరమే రాలేదు. ఆ పద్ధతి మన బ్యాంకుల్లోకి వచ్చాక విరగడం కంటే ముందే విరగడం ఎంత మేలో మీకు నేను చెప్పనక్కర్లేదు. నిలబడినవాటిలో మూడింటిని 2024 ఆగస్టులో ప్రమాణాలుగా ప్రకటించారు. మీరు బ్యాంకులో చేశారు కాబట్టి మాసబ్‌ట్యాంక్‌లో రిజర్వు బ్యాంకు 1996లో స్థాపించిన ఐడీఆర్‌బీటీ మీకు తెలిసే ఉంటుంది. బ్యాంకుల మధ్య సందేశాలు సంతకాలతో భద్రంగా నడిచే వ్యవస్థ రూపుదిద్దుకున్నది అక్కడే. ఆ సంతకాలకు కూడా ఈ మార్పు తప్పదు.

ప్రశ్న: ఒక కాలేజీ ఫలితాల పోర్టల్లో అడ్రసు చివర హాల్‌టికెట్ నంబరు మారిస్తే ఎవరి మార్కులైనా కనిపిస్తున్నాయి. వచ్చే వారం మీటప్‌లో దీన్ని అందరి ముందూ చేసి చూపిద్దామనుకుంటున్నాను. బాగుంటుందా?
– సాఫ్ట్‌వేర్ టెస్టర్, మాదాపూర్

జవాబు: వద్దు నాయనా. ఉద్దేశం మంచిదే, చేసే తీరు ప్రమాదం. యజమాని అనుమతి లేకుండా ఒక కంప్యూటర్‌లోకి ప్రవేశించడం, సమాచారం తీసుకోవడం ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేశారని తేలితే 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ళ దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. ఉద్దేశం ఏమిటన్నది తేలేలోపు నువ్వు తిరిగే తిరుగుడు వేరే. దానికంటే నన్ను బాధపెట్టేది మరొకటి. సభలో ఉన్న ఎనభై మందీ ఆ రాత్రే ఇంటికి వెళ్ళి నంబర్లు మార్చి చూస్తారు. ఆ మార్కులు ఎవరో పిల్లలవి.

ఇప్పటికే చూసినదానితో ఆపెయ్. ఇంకో నంబరు కూడా ప్రయత్నించవద్దు, ఏదీ దాచుకోవద్దు. ఏ పేజీలో, ఏ తేదీన, ఏం కనిపించిందో ఒక పేజీలో రాసి కాలేజీకి పంపు. జవాబు రాకపోతే సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్‌కు పంపు, ఇలాంటి లోపాల నివేదికలు వాళ్ళు తీసుకుంటారు. సరిదిద్దుకోవడానికి సమయం ఇవ్వడం ఈ రంగంలో మర్యాద. సాఫ్ట్‌వేర్ లోపాలు వెతికే గూగుల్ ప్రాజెక్ట్ జీరో బృందం 90 రోజులు ఇస్తుంది.

మీటప్‌లో మాట్లాడాలన్న కోరిక మాత్రం వదులుకోకు. వెబ్ భద్రత కోసం పనిచేసే ఓవాస్ప్ సంఘం 2021లో ఇచ్చిన పెద్ద లోపాల జాబితాలో ఈ తరహా లోపమే మొదటి స్థానంలో ఉంది. అభ్యాసం కోసం వాళ్ళే లోపాలతో తయారుచేసిన జ్యూస్ షాప్ అనే యాప్ ఉంది. దాన్ని నీ లాప్‌టాప్‌లో పెట్టుకుని అదే లోపం చూపించు. సర్వర్ వైపు ‘ఈ రికార్డు అడుగుతున్నది దాని సొంతదారేనా’ అని సరిచూసే ఆ నాలుగు పంక్తుల కోడ్ కూడా చూపించు. లోపం చూపేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ నాలుగు పంక్తులు చూపేవాళ్ళు తక్కువ.

ప్రశ్న: విదేశీ సదస్సులో నా పత్రం ఎంపికైంది. వీసా సమయానికి వచ్చేలా లేదు, డబ్బూ లేదు.
– పరిశోధక విద్యార్థి, గచ్చిబౌలి

జవాబు: ముందుగా అభినందనలు! ముగ్గురు సృష్టికర్తల పేర్లలోని మొదటి అక్షరాలతో పేరుపడ్డ ఆర్‌ఎస్‌ఏ గుప్తీకరణ పద్ధతిలో ‘ఎస్’ అయిన ఆదీ షమీర్‌కే 2019లో అమెరికా వీసా సమయానికి రాలేదు. తన పేరులోని అక్షరం ఉన్న ఆర్‌ఎస్‌ఏ సదస్సులోనే ఆయన వీడియోలో మాట్లాడవలసి వచ్చింది. నిర్వాహకులకు ఈ రోజే రాయండి. ఆహ్వాన లేఖ అడగండి. వీసా రాకపోతే సహరచయిత వెళ్ళవచ్చా, వీడియోలో చెప్పవచ్చా అని అడగండి. ఐఏసీఆర్ సదస్సయితే పత్రం వినిపించే విద్యార్థికి రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు అడగవచ్చు. ప్రయాణానికి కంప్యూటర్ శాస్త్ర సంఘాలైన ఏసీఎం ఇండియా, ఐఏఆర్‌సీఎస్ కలిసి ఇచ్చే గ్రాంట్లున్నాయి. గడువులు ముందే ముగుస్తాయి, మీ గైడు సంతకం కోసం వారం ఆగకండి.

ప్రశ్న: నేను ఇంటర్ వరకు తెలుగు మాధ్యమం. యూనివర్సిటీలో జరిగే వర్క్‌షాప్‌లకు వెళ్తాను, విషయం అర్థమవుతుంది. కానీ ప్రశ్నల సమయంలో ఇంగ్లీషుకి భయపడి నోరు తెరవను. ప్రతిసారీ బాధతో తిరిగి వస్తున్నాను.
– ఎమ్మెస్సీ గణితం విద్యార్థి, ఓయూ హాస్టల్

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మన ఊళ్ళోనే ఒక వర్క్‌షాప్‌లో నేను చూసింది చెబుతాను. కోల్‌కతా నుంచి వచ్చిన వక్త దీర్ఘవృత్త వక్రాలు (ఎలిప్టిక్ కర్వ్స్) అనే గణిత రేఖలతో డిజిటల్ సంతకం ఎలా పెడతారో వివరిస్తున్నారు. ప్రతి సంతకానికీ కొత్తగా ఒక యాదృచ్ఛిక సంఖ్య ఎంచుకోవాలి అని ఒక వాక్యం చెప్పి ముందుకు వెళ్ళిపోయారు. వెనక వరుసలో మీలాంటి కుర్రాడే ఒకడు చెయ్యెత్తి, ‘సేమ్ నంబర్, టూ టైమ్స్?’ అన్నాడు. వ్యాకరణం లేదు, క్రియ లేదు. వక్త ఆగిపోయారు. మార్కర్ తీసుకుని బోర్డు మీద రెండు సమీకరణాలు రాశారు. సందేశాల ముద్రలు తెలుసు, సంతకాలు తెలుసు. తెలియనివి రెండే, ఆ యాదృచ్ఛిక సంఖ్య, రహస్య తాళం. సంఖ్య మారకపోతే రెండు సమీకరణాలు, రెండు అజ్ఞాత రాశులు. ఒకదాన్నుంచి ఇంకొకటి తీసేస్తే సంఖ్య వచ్చేస్తుంది, దాని వెంటే తాళం. పదో తరగతి లెక్క! ఇది బోర్డుకే పరిమితమైన ప్రమాదం కాదు. ప్లేస్టేషన్ 3 సాఫ్ట్‌వేర్ సంతకాల్లో సరిగ్గా ఆ సంఖ్యను మార్చకుండా వాడారని 2010 డిసెంబరులో బెర్లిన్‌లోని అదే కేయోస్ సమావేశంలో ఒక బృందం చూపించింది. దాంతో సోనీ రహస్య తాళం లెక్కగట్టే దారి బయటపడింది. పైన మొదటి జవాబులో నకిలీ సర్టిఫికెట్ తయారీకి వాడినవి ఆ రకం యంత్రాలే.

టీ విరామంలో ఆ వక్త కుర్రాడిని వెతుక్కుంటూ వచ్చారు. కార్యక్రమ పుస్తకం వెనక అట్ట మీద ఇద్దరూ లెక్క పూర్తిచేశారు. సంఖ్యలో కొన్ని బిట్లు మాత్రమే తెలిస్తే ఏమవుతుందన్న తర్వాతి ప్రశ్న కూడా వాడే వేశాడు. దాని మీద పెద్ద పరిశోధనే జరిగిందని వక్త చెప్పినప్పుడు వాడి ముఖం చూడాల్సింది.

క్రిప్టోగ్రఫీలో పనికొచ్చే ప్రశ్నలు చాలావరకు చిన్నవే. ఈ ఊహ ఎక్కడ వాడారు? ఇది లేకపోతే రుజువు ఎక్కడ తెగుతుంది? దాడి చేసేవాడికి ఇది ముందే తెలిస్తే? ఇలాంటివి మూడు నాలుగు తెలుగులో నోట్‌బుక్‌లో రాసుకోండి, పక్కనే ఇంగ్లీషులో నాలుగైదు మాటలు రాసి పెట్టుకోండి, చూసి చదవండి. తప్పేమీ లేదు. వక్త తెలుగువారైతే టీ దగ్గర తెలుగులోనే అడగండి. హైదరాబాదులో ఈ సభలకు వచ్చే ఆచార్యుల్లో తెలుగువారు తక్కువేమీ కాదు. ఈ నెలలో మీరు వెళ్ళే వర్క్‌షాప్ ఏదో, అందులో ఏ ఉపన్యాసం వినాలనుకుంటున్నారో రాయండి. ఆ విషయం మీద పత్రం ఉంటే నేనూ చదువుతాను, మీ ప్రశ్న సభ కంటే ముందే కలిసి తయారుచేద్దాం.